ఫిట్స్ గురించి మీ డాక్టరుకి ఎంత తెలుసో కనుక్కోవడం ఎలా

మా తమ్ముడికి పదహారేళ్ళప్పుడు ఒక రోజు పొద్దున్నే పెద్ద ఫిట్స్ వచ్చింది. మొదట చూసిన డాక్టరు ఈఈజీ (మెదడులోని విద్యుత్తుని గీతలుగా తీసే పరీక్ష) తీయించి, గీతలన్నీ నార్మల్‌గా ఉన్నాయి కాబట్టి ఇది ఫిట్స్ కాదు, పరీక్షల టెన్షన్ అని పంపించేశారు. రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. ఈసారి చూసిన ఇంకో డాక్టరు రెండు నిమిషాల్లో కార్బమజపైన్ అనే ఫిట్స్ మందు రాసిచ్చారు. అది మొదలెట్టాక పొద్దున పూట వాడి చేతులు ఉలిక్కిపడినట్టు ఎగరడం ఎక్కువైంది, మేమేమో మందు ఇంకా ఒంటికి పట్టలేదని ఓపిక పట్టాం. మూడో డాక్టరు ఆవిడ. ఫైలు తెరవకుండానే వాడి వైపు తిరిగి, "పొద్దున లేవగానే చేతిలోంచి బ్రష్షో గ్లాసో జారిపోతూ ఉంటుందా?" అని అడిగారు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గ్లాసుల కోసమే వాణ్ణి ఏడాదిగా తిడుతున్నాం మరి.

ఆ ఒక్క ప్రశ్నతో దారి దొరికింది. అది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే రకం. ఎక్కువగా టీనేజీలో మొదలవుతుంది, నిద్ర చాలకపోతే రేగుతుంది, లేచిన కాసేపటికి చేతులు ఎగరడం దాని గుర్తు. కార్బమజపైన్ ఈ రకంలో ఆ ఎగరడాన్ని ఇంకా పెంచగలదు. మందు చెడ్డదని అనడం లేదు, మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కి అది ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న మంచి మందే, వీడి రకానికి పడదంతే.

అప్పట్నుంచి నాకు ఒకటి అలవాటైంది. డాక్టరుకి ఫిట్స్ గురించి ఎంత తెలుసో బోర్డు మీది డిగ్రీల్లో వెతకను, ఆయన అడిగే ప్రశ్నల్లో వెతుకుతాను. నేను డాక్టర్ని కాదు, పదేళ్ళుగా తమ్ముడితో వెయిటింగ్ హాళ్ళలో కూర్చున్నవాణ్ణి. కింద రాసేది డాక్టర్లతో పోట్లాడటానికి పనికిరాదు, ఆ పది నిమిషాలు వృథా పోకుండా చూసుకోవడానికి పనికొస్తుంది.

వెళ్ళేముందు

ముందు సాక్షిని పట్టుకోండి. పెద్ద ఫిట్స్‌లో రోగికి ఏమీ గుర్తుండదు, కాబట్టి రోగి ఒక్కడే వెళ్తే డాక్టరు చేతికి సగం కథే అందుతుంది. పడిపోయినప్పుడు పక్కనున్నది క్లాస్‌మేట్ అయినా, ముక్కూమొహం తెలియని సహోద్యోగి అయినా వెంట తీసుకెళ్ళండి, రాలేకపోతే అక్కణ్ణించే ఫోన్ కలిపి డాక్టరుతో మాట్లాడించండి. మంచి డాక్టరు దీనికి విసుక్కోరు. విసుక్కున్నారంటే అది మీకు దొరికిన మొదటి సమాచారం.

ఫోన్లో వీడియో ఉంటే ఇంకా మంచిది. అయితే ముందు మనిషిని ఒక పక్కకి ఒత్తిగిలించి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, తగిలే వస్తువులు దూరంగా జరిపి, టైము చూసుకోవాలి. కాళ్ళూచేతులూ అదిమి పట్టుకోవద్దు, నోట్లో ఏదీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి స్పృహ రాకముందే ఇంకోటి మొదలైనా వెంటనే అంబులెన్సు పిలవాలి, ఎందుకంటే ఐదు నిమిషాల్లో ఆగని పెద్ద ఫిట్స్ దానంతటది ఆగే అవకాశం తగ్గిపోతూ వస్తుంది. ఇవన్నీ చూసుకునే మనిషి ఒకరుండి, రెండో మనిషి కూడా ఉంటేనే వీడియో. వీడియోలో మొహం, కళ్ళు, రెండు చేతులూ కనపడాలి.

తర్వాత కాగితం మీద రాసి పెట్టుకోవాల్సినవి: మొదట ఏం కదిలింది, తల లేదా కళ్ళు ఏ పక్కకి తిరిగాయి, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, మొహం నీలంగా మారిందా తెల్లగా పాలిపోయిందా, ఎన్ని నిమిషాలు, తేరుకున్నాక ఎంతసేపు మనిషి అయోమయంగా ఉన్నాడు, నాలుక పక్క అంచు తెగిందా. బట్టల్లో మూత్రం పోయిందా అని అందరూ అడుగుతారు కానీ అది మామూలుగా కళ్ళు తిరిగి పడినప్పుడు కూడా జరగొచ్చు, దాని మీద ఎక్కువ బరువు పెట్టలేం. అదే కళ్ళ సంగతి చాలా చెబుతుంది: ఫిట్స్‌లో సాధారణంగా కళ్ళు తెరుచుకునే ఉంటాయి.

ముందు ఇవి రాసుకోమని ఎందుకు అంటున్నానంటే, మూర్ఛ (ఎపిలెప్సీ) నిర్ధారణ ఇప్పటికీ ప్రధానంగా జరిగినదాని వర్ణన మీదే నిలబడుతుంది. ఇన్ని స్కానింగులు వచ్చాక కూడా.

ఆయన ఏం అడుగుతున్నారో వినండి

ఫిట్స్ తెలిసిన డాక్టరు ముందు "ఇది నిజంగా ఫిట్సేనా?" అన్న అనుమానంతో మొదలెడతారు. ఎంతసేపు నిలబడి ఉన్నారు, పడేముందు చెమటలు పట్టాయా, కళ్ళు మసకబారాయా, రక్తం చూశారా అని అడుగుతారు. ఎందుకంటే మామూలుగా కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళకి కూడా కాళ్ళూచేతులూ కొట్టుకుంటాయి. 1994లో జర్మనీలో కొందరు ఆరోగ్యవంతులైన వాలంటీర్లని కావాలనే సొమ్మసిల్లేలా చేసి వీడియో తీస్తే, పూర్తిగా స్పృహ తప్పినవాళ్ళలో పదికి తొమ్మిది మందికి కండరాలు ఎగిరాయి. అంటే "కొట్టుకున్నాడు కాబట్టి ఫిట్స్" అనే లెక్క తప్పు. తేడా ఏమిటంటే సొమ్మసిల్లినవాళ్ళకి అది కొన్ని సెకన్లలో ఆగిపోతుంది, మనిషి తొందరగా తేరుకుని ఎక్కడున్నాడో చెప్పగలడు.

అందుకే మొదటిసారి పడినప్పుడు ఈసీజీ తీయించారా లేదా చూడండి. తలకి సంబంధించిన సమస్యకి గుండె పరీక్ష ఎందుకు అని మాకూ అనిపించింది. గుండె లయ తప్పడం వల్ల పడిపోయేవాళ్ళు కొందరు ఏళ్ళ తరబడి ఫిట్స్ మందులు మింగుతూ ఉండిపోతారు, అసలు ప్రమాదం అలాగే ఉంటుంది. ఈసీజీకి పట్టేది ఐదు నిమిషాలు. దాని ఊసే రాకపోతే మీరే అడగండి: "గుండె వల్ల కాదని ఎలా తెలుస్తుంది డాక్టర్ గారూ?"

ఆ తర్వాత రావాల్సిన ప్రశ్నలు చిన్నచిన్న వాటి గురించి. మాట్లాడుతూ మధ్యలో శూన్యంలోకి చూస్తూ ఆగిపోతాడా, పెదవులు చప్పరిస్తాడా, బొత్తాలు తడుముకుంటాడా, కడుపులోంచి ఏదో పైకి లేస్తున్నట్టు అనిపిస్తుందా, ఇదంతా ఇంతకుముందే జరిగిందన్న వింత భావన వస్తుందా, చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయా, తలకి దెబ్బ తగిలిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, నిద్ర ఎలా ఉంది, మద్యం ఉందా, వేరే ఏ మందులు వాడుతున్నారు. ఇవేమీ అడగకుండా నేరుగా మందు రాస్తే నాకు భయమే. పెద్ద ఫిట్స్ అందరికీ కనిపిస్తుంది, దాన్ని గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. నేలమీద పడకుండా పది సెకన్లు మాయమైపోయే ఫిట్స్‌ని గుర్తుపట్టడంలోనే తెలిసిన డాక్టరుకీ తెలియని డాక్టరుకీ తేడా.

డాక్టరు అడగకపోతే మాత్రం చెప్పడం మానకండి. "మీరు అడగలేదు గానీ" అని మొదలుపెట్టి చెప్పేయండి.

ఈఈజీ దగ్గర చెవులు రిక్కించండి

"ఈఈజీ నార్మల్, కాబట్టి ఫిట్స్ లేదు" అన్న మాట వినపడితే అది తప్పు. మామూలు ఈఈజీ ఇరవై ముప్ఫై నిమిషాలు తీస్తారు, ఆ కాసేపట్లో మెదడు మామూలుగా ఉంటే గీతలూ మామూలుగానే వస్తాయి. మూర్ఛ ఉన్నవాళ్ళలో కూడా మొదటి ఈఈజీలో తేడా కనపడేది ఇంచుమించు సగం మందికే. నిద్ర తగ్గించి తీసినా, నిద్రపోతుండగా తీసినా, ఎక్కువసేపు తీసినా దొరికే అవకాశం పెరుగుతుంది. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది, అది ఇంకా నష్టం చేస్తుంది: గీతల్లో ఏదో చిన్న తేడా చూసి, కథ సరిపోకపోయినా మూర్ఛ అని ముద్ర వెయ్యడం. ఫిట్స్ ఎన్నడూ రాని కొద్దిమందికి కూడా ఈఈజీలో తేడాలుంటాయి. రిపోర్టుకి వైద్యం చేస్తున్నారా, మనిషికి చేస్తున్నారా అని గమనించండి.

ఎమ్మారై విషయంలో ఒక్క మాట. ఫిట్స్ కోసం తీసేది అని కాగితం మీద స్పష్టంగా రాయించండి. మూర్ఛ కోసం ప్రత్యేకంగా పలచటి ముక్కలుగా తీసే పద్ధతి ఉంది, మామూలు స్కాన్‌లో తప్పిపోయే చిన్న మచ్చలు అందులో దొరకొచ్చు.

ఒక్కసారి వస్తే ఎపిలెప్సీ అయిపోయినట్టేనా? కాదు. 24 గంటల కంటే ఎక్కువ తేడాతో, జ్వరం, షుగర్ పడిపోవడం లాంటి తక్షణ కారణం లేకుండా రెండుసార్లు వస్తే మూర్ఛ వ్యాధి అంటారు. 2014లో అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సమాఖ్య దీనికి ఇంకొకటి కలిపింది: ఒక్కసారే వచ్చినా, వచ్చే పదేళ్ళలో మళ్ళీ వచ్చే అవకాశం కనీసం 60 శాతం ఉందని పరీక్షలు చూపిస్తే అదీ మూర్ఛే. కాబట్టి మొదటి ఫిట్స్‌కే మందు రాస్తే తప్పు పట్టలేం, రాయకపోయినా తప్పు పట్టలేం, ఎందుకో చెప్పగలగాలి అంతే.

మందు రాసేటప్పుడు

అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఇది ఏ రకం ఫిట్స్?" రెండోది: "ఈ రకానికి ఈ మందే ఎందుకు?" రకం ఇంకా తేలకపోతే తేలలేదని చెప్పడం కూడా మంచి జవాబే, అప్పుడు మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కీ, మెదడంతా ఒకేసారి మొదలయ్యే ఫిట్స్‌కీ పనిచేసే మందు ఎంచుకుంటారు. "ఫిట్స్ మందు ఫిట్స్ మందే" అనే ధోరణి కనపడితే మా తమ్ముడి కార్బమజపైన్ గుర్తు తెచ్చుకోండి. కొత్త రోగికి మొదటి రోజే రెండు మూడు రకాల మందులు కలిపి రాస్తే కారణం అడగండి, మామూలుగా ఒక్క మందుతో, తక్కువ మోతాదుతో మొదలెట్టి పెంచుతారు.

ఆడపిల్లలకి, పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలకి సోడియం వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు రాస్తూ గర్భం గురించి ఒక్క మాటా మాట్లాడకపోతే అక్కడే ఆపండి. గర్భిణిగా ఉన్నప్పుడు ఆ మందు వాడితే పుట్టే పిల్లల్లో పదిమందికి ఒకరికి పుట్టుకతో లోపాలు, పదికి మూడు నుంచి నలుగురికి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు రావచ్చు. వేరే ఏదీ పనిచెయ్యనప్పుడు మాత్రమే, అన్నీ వివరించి, నమ్మకమైన గర్భనిరోధకం వాడుతున్నప్పుడే ఇవ్వాలన్నది నియమం. మా తమ్ముడి రకానికి వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది, కానీ అదే జబ్బు ఒక అమ్మాయికి ఉంటే లెక్క మారిపోతుంది. గర్భనిరోధక మాత్రల సంగతి కూడా అడగాలి: ఫెనిటాయిన్, కార్బమజపైన్, ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందులు వాటి బలాన్ని తగ్గిస్తాయి, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలేమో లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు బలాన్ని తగ్గిస్తాయి. అయితే ఇదంతా చదివి, గర్భం వచ్చిందని భయపడి ఎవరూ సొంతంగా మందు ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు, అది తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదం. అదే రోజు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

కార్బమజపైన్ మొదలెట్టే ముందు ఆసియా మూలాలున్నవాళ్ళకి హెచ్‌ఎల్‌ఏ బి 1502 అనే జన్యు పరీక్ష అవసరమా అని అడగండి, ఆ జన్యువు ఉన్నవాళ్ళకి చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన రియాక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. ఏ ఫిట్స్ మందైనా కొత్తగా మొదలెట్టాక ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి.

మనసు సంగతి ఎవరూ అడగరు. లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు మొదలెట్టాక కొందరికి చిన్నదానికే చిరాకు, కోపం, దిగులు వస్తాయి, ఇంట్లోవాళ్ళు "జబ్బు వచ్చాక వీడి బుద్ధి మారిపోయింది" అనుకుంటారు. మందు వల్ల కావచ్చు, మారిస్తే తగ్గిపోవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మామూలు జనం కంటే ఎక్కువ కూడా. "నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా?" అని అడిగిన డాక్టర్ని వదులుకోకండి.

రెండు మందులు ఓడిపోతే

ఈ ఒక్క విషయంలో నేను కాస్త మొండిగా మాట్లాడతాను. 2000లో స్కాట్లాండు నుంచి 525 మంది రోగుల మీద వచ్చిన అధ్యయనంలో, అంతకుముందు ఏ ఫిట్స్ మందూ వాడనివాళ్ళలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి, రెండో మందుతో ఇంకొంతమందికి ఆగాయి, మూడోదీ నాలుగోదీ మార్చి మార్చి వాడినా ఆ తర్వాత ఆగినవాళ్ళు చాలా తక్కువ. అందుకే సరైన రకానికి సరైన మోతాదులో రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకి లొంగని మూర్ఛ అనాలని 2010లో నిర్వచించారు. ఆ స్థితి వచ్చాక ప్రత్యేక ఎపిలెప్సీ సెంటరుకి పంపాలి. అక్కడ వీడియో ఈఈజీ పెట్టి అసలది మూర్ఛేనా అని మళ్ళీ మొదట్నుంచి చూస్తారు, మెదడులో ఒకే చోటినుంచి వస్తుంటే ఆపరేషన్ కుదురుతుందేమో చూస్తారు. కణత భాగం నుంచి వచ్చే మూర్ఛకి ఆపరేషన్‌నీ మందుల్నీ పోల్చి 2001లో వచ్చిన పరిశోధనలో, ఏడాది చివరికి స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్ళు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. అయినా ఆపరేషన్ దాకా చేరేసరికి చాలామందికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచిపోతున్నాయి, ఎందుకంటే "ఇంకో మందు ట్రై చేద్దాం" అనడం తేలిక, "నా చేతిలో లేదు" అనడం కష్టం.

ఆ రెండో మాట అన్న డాక్టరు నాకు తెలిసినవాళ్ళలో గొప్పవాడు. జనరల్ ఫిజిషియనే, "ఇది నాకు అంత పట్టున్న విషయం కాదు, ఫలానా చోట చూపించండి, ఈ లోగా మందు మాత్రం ఆపకండి" అని ఉత్తరం రాసిచ్చారు. అన్ని జబ్బులూ చూసే డాక్టరుకి ఫిట్స్ లోతుగా తెలియకపోవడం నేరమేమీ కాదు. తెలియదని ఒప్పుకోకపోవడంతోనే చిక్కు.

మాట తీరు

తెలివి ఒక ఎత్తు, చూపు ఇంకో ఎత్తు. రోగి ఎదురుగా కూర్చుని ఉండగా "వీడికి ఏమవుతుంది?" అని నన్ను అడిగే డాక్టర్లని చూశాను. అప్పుడు నేను చేసేది చిన్న పని: జవాబు చెప్పకుండా తమ్ముడి వైపు చూస్తాను. వాడు మాట్లాడతాడు. రెండు మూడుసార్లు అలా చేస్తే చాలామంది డాక్టర్లు కుర్చీ అటు తిప్పుతారు.

"చదువు మానిపించండి", "ఉద్యోగం వద్దు", "పెళ్ళి గురించి మర్చిపోండి" లాంటి మాటలు వైద్య సలహాలాగే వినిపిస్తాయి గానీ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది, సరైన వైద్యం అందితే వాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. కాబట్టి అలాంటి మాట వినపడితే తగువు పెట్టుకోకుండా ఒకే ప్రశ్న వెయ్యండి: "ప్రత్యేకంగా ఏ పని ప్రమాదం, ఎంతకాలం?" తెలిసిన డాక్టరు వెంటనే లెక్కలోకి దిగుతారు, ఒంటరిగా ఈత, ఎత్తుల మీద పని, బండి నడపడం, స్నానం చేసేటప్పుడు లోపల గడియ పెట్టుకోకపోవడం, ఇలా. బండి నియమాలు ఏ దేశానివి ఆ దేశానివి, దాని గురించి తప్పకుండా అడగండి. తెలియని డాక్టరు "అన్నీ ప్రమాదమే" అంటారు.

ఇంకో మాట ఉంది, "దొంగ ఫిట్స్". మెదడులో విద్యుత్ తేడా లేకుండా, చూడటానికి ఫిట్స్‌లాగే వచ్చేవి ఉన్నాయి, మందులకి లొంగడం లేదని పెద్ద సెంటర్లకి వచ్చేవాళ్ళలో అయిదోవంతు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ మంది వీళ్ళే. వాళ్ళు నటించరు, అది వాళ్ళ అదుపులో ఉండదు, ఫిట్స్ మందులు దానికి పనిచెయ్యవు, మానసిక చికిత్స పనిచేస్తుంది. వార్డులో నర్సుల ముందు నవ్వుతూ "యాక్టింగ్" అనే డాక్టరుకి ఆ జబ్బు గురించి తెలియదన్నట్టే. కొందరికి రెండూ కలిసి ఉంటాయి కూడా.

అన్నిటికంటే కష్టమైన మాట మీరే ఎత్తాల్సి రావచ్చు. మూర్ఛ ఉన్నవాళ్ళు హఠాత్తుగా, ఎక్కువగా నిద్రలో, చనిపోయే ప్రమాదం ఒకటుంది, దాన్ని పొట్టిగా సూడెప్ అంటారు, పెద్దవాళ్ళలో ఏటా వెయ్యి మందికి సుమారు ఒకరికి. భయపడతారని చాలామంది డాక్టర్లు చెప్పరు. మాకు చెప్పినావిడ నెమ్మదిగా, నిజమైన అంకెతోనే చెప్పారు, పెద్ద ఫిట్స్ ఆపుకోవడమే దానికి మందు అన్నారు, ఆ రోజు నుంచి వాడు రాత్రి మాత్ర మర్చిపోలేదు. మేం ఎన్నిసార్లు తిట్టినా రాని మార్పు అది.

డాక్టర్ని మార్చాలనుకుంటే

మార్చండి, కానీ మందు ఆపి మార్చకండి. ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు పేరు, ఎంత మోతాదు దాకా వెళ్ళింది, ఎందుకు ఆపారు అన్నది ఒకే పేజీలో రాసి ఫైలు పైన పెట్టండి. "ఆ మందు పనిచెయ్యలేదు" అంటే కొత్త డాక్టరుకి ఏమీ తెలియదు, తక్కువ మోతాదులోనే ఆపేస్తే అది ఓడిపోయినట్టు లెక్క కాదు. ఫిట్స్ వచ్చిన తేదీలు, ఆ ముందు రోజు నిద్ర, మిస్సయిన మాత్రలు ఫోన్లోనో క్యాలెండర్లోనో ఉండాలి. మిస్సయ్యాయని చెప్పడానికి సిగ్గుపడొద్దు, అది దాచిపెడితే డాక్టరు మోతాదు పెంచేస్తారు, మత్తు మీకు.

లేచి వచ్చేముందు రెండు అడగండి: మళ్ళీ ఎప్పుడు రావాలి, ఈ లోగా ఫిట్స్ వస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి. రెండోదానికి జవాబు కాగితం మీద రాయించుకుని రండి.